తలుపు తీయక ముందు పావుగంట

మార్చి 3

బావమరిదికి,

పద్నాలుగేళ్ళ కింద నువ్వు రాసిన ఒక్క మాట ఇప్పటికీ నాకు అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. ఫారంలో బొల్లి ఆవు చచ్చిపోయిన రోజు రిపోర్టులో రాశావు, "పశువును పట్టే మనిషి చెప్పకుండా పనికి రాలేదు" అని. ఆఫీసు గుమస్తా చదివి వినిపించాడు. తప్పు విన్నానేమోనని మళ్ళీ చదివించుకున్నాను. చెప్పకుండా అనే ఉంది.

ముందురోజు సాయంత్రం దాణా గది దగ్గర నీకు చెప్పాను కదా, రేపు మీ అక్క కుడికంటికి ఆపరేషన్, నేను రాలేను అని. "వెళ్ళు బావా, నేను చూసుకుంటాలే" అన్నది ఎవరు? నీ తోబుట్టువు కంటి కోసమే కదా నేను వెళ్ళింది. పరాయివాళ్ళ పెళ్ళికి పోయానా?

ముప్పై నాలుగేళ్ళు మీ ఫారంలో పశువుల్ని పట్టాను. నువ్వు పశువుల డాక్టరువై సూది పట్టుకు రాకముందు నుంచీ పట్టాను. నా చేతిలో ఉండగా ఒక్క దూడ కాలు విరగలేదు, ఒక్క గుర్రం నన్ను కరవలేదు. నీ కాగితం చూసి పై ఆఫీసువాళ్ళు నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. మిగిలిన మూడేళ్ళు వచ్చేపోయే బళ్ళకి అడ్డకర్ర ఎత్తడం, దించడం. నువ్వు స్కూటర్ మీద పోతూ రోజూ అటువైపు చెట్లకేసి చూసేవాడివి. అటువైపు చెట్లు లేవు, గోడ ఉంది.

ఈ ఉత్తరం నా అంతట నేను రాస్తున్నది కాదు. మీ అక్క పోరు పడలేక రాస్తున్నాను. ఆ రోజు ఆపరేషన్‌లో కత్తి దగ్గరకి రాగానే హడలిపోయి తల విదిలించింది, ఆ కన్ను అలా పోయిందని నీకు తెలుసు. ఇప్పుడు మిగిలిన ఎడమకంటికి శుక్లం వచ్చింది. నిన్న చీపురనుకుని నా గొడుగు తీసుకుని గది ఊడవబోయింది. నేను నవ్వాను, తనూ నవ్వింది.

ఎదురింటి కాంపౌండరు చెప్పాడు, నువ్వు ఇప్పుడు కంటాసుపత్రి వాళ్ళతో కలిసి మనుషుల భయం కూడా కొలుస్తున్నావట, భయం తగ్గే మందు ఇస్తున్నావట. అది విన్న దగ్గర్నుంచి మా చిన్నోడికి రాయి, మా చిన్నోడికి రాయి అని మీ అక్క ఒకటే గోల.

నా మాటకి జవాబు ముందు చెప్పు. కంటి సంగతి తర్వాత చెప్పు.

గేటు దగ్గర కూర్చున్న నీ బావ


మార్చి 9

బావగారికి నమస్కారాలు.

మీ చేతిరాత చూసి కాసేపు కవరు తెరవలేకపోయాను. అక్కని అడిగానని చెప్పండి.

పాత విషయం ఉత్తరాల్లో తేలేది కాదు. మీరు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు అక్క కన్ను ముఖ్యం.

కాంపౌండరు చెప్పింది నిజమే. భయపడినప్పుడు ఒంట్లో ఒక రసాయనం ఊరుతుంది. పశువైనా మనిషైనా అది ఒకటే. రక్తంలో చూడొచ్చు, ఉమ్మిలోనూ చూడొచ్చు. మన ఫారంలో నలభై ఎనిమిది కోడెల మీద నేను పరీక్షించిన మందు మీకు గుర్తుండాలి. సగం కోడెలకి మందు, సగానికి అదే రంగు నీళ్ళు పట్టించాం. మందు తాగినవాటి రక్తంలో భయం సగానికి సగం తగ్గింది. ఆ లెక్కల ఆధారంగానే ఇప్పుడు మనుషులకి అనుమతి వచ్చింది. ముందు పదిమందికి ఇస్తున్నాం. వాళ్ళలో అక్కని చేర్చమని కంటి డాక్టరుతో మాట్లాడాను.

ఈ ఆపరేషన్ మెలకువలోనే చేస్తారు. కన్ను మొద్దుబారడానికి చుక్కలు వేస్తారు, అంతే. తల అంగుళం కదలకూడదు. అక్క గుండెకి పూర్తి మత్తు పడదని మీకూ తెలుసు. కాబట్టి ఈ మందు తప్ప దారి లేదు.

ఇందులో పద్నాలుగు చిన్న ట్యూబులు పెట్టాను. ఒక్కోదాంట్లో దూది ముక్క ఉంది. ఏడు రోజులు, నిద్ర లేవగానే ఒకటి, అరగంటకి ఇంకొకటి, అక్క నోట్లో రెండు నిమిషాలు పెట్టి మూత బిగించండి. టీ తాగకముందే. టైము, ఆ రోజు ఏం జరిగింది కాగితం మీద రాయండి. అక్క మామూలు భయం ఎంతో ముందు తెలియాలి.

ఇంకో కాగితం కూడా ఉంది. ఆ కోడెల పరీక్ష పద్ధతిగా జరిగిందని పట్టిన మనిషి సాక్ష్యం కావాలని అనుమతి ఇచ్చినవాళ్ళు ఇప్పుడు అడిగారు. చివర సంతకం చేసి పంపితే చాలు. చదవక్కర్లేదు, మామూలు రాతలే.

అక్కకి ధైర్యం చెప్పండి.

మీ బావమరిది


మార్చి 17

బావమరిదికి,

బావా అనేవాడివి. బావగారు అయ్యాను. సరే.

ట్యూబులు పంపాను, లెక్క చూసుకో. మీ అక్క నోట్లో దూది పెట్టమన్నావు. నలభై ఆరేళ్ళ కాపురంలో నాకు తట్టని ఉపాయం. ఆ రెండు నిమిషాలూ ఇంట్లో గడియారం చప్పుడు వినిపించింది. మొదటి రోజు దూది మింగబోయింది. మూడో రోజు నుంచి తనే నోరు తెరిచి కూర్చుంది. చిన్నోడు పంపిందని.

నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. తనకి అక్షరాలు కనబడవు కదా. పాత విషయం అన్న ముక్క వదిలేసి చదివాను. గుండె సంగతి కూడా వదిలేశాను. ఎందుకు మధ్యలో ఆగుతున్నావు అంది. నీ రాత గజిబిజిగా ఉందన్నాను.

బుధవారం పొద్దున మాత్రం దూది పెట్టే ముందే ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆపరేషన్ రోజు నువ్వు పక్కనుంటావా అని అడిగింది. పోయినసారి తలుపు బయట నిలబెట్టారు, ఈసారీ అంతే అన్నాను. మాట మెత్తగా చెప్పడం నాకు ఎప్పుడు వచ్చింది గనక. ఏం జరిగిందో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఇక నీ కాగితం. చదవక్కర్లేదన్నావు, అందుకే చదివాను. ఒక పూట పట్టింది. మూడో లైనులో ఉంది, "గది తలుపు తీసిన మూడు నిమిషాల్లోపు రక్తం తీయబడినది. అంతకు ముందు పశువు వద్దకు ఎవరూ వెళ్ళలేదు." మొదటి ముక్క నిజం. చేతి గడియారం చూసుకుంటూ తీసేవాడివి, నాలుగో నిమిషం వస్తే విసుక్కునేవాడివి. రెండో ముక్క నిజం కాదు. రోజుకొక కోడె కదా, నీ స్కూటర్ చప్పుడు వినిపించకముందు పావుగంట నేను లోపలే ఉండేవాణ్ణి. మెడ మొదట్లో అరచెయ్యి ఆనించి నిలబడేవాణ్ణి. చప్పుడు వినగానే బయటికొచ్చి తాడు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇది పెద్ద విషయం కాదు, కానీ జరగనిది జరిగినట్టు నా సంతకంతో ఉండకూడదు. ఆ ముక్క కొట్టేసి పంపు, వెంటనే సంతకం పెడతాను.

నా మొదటి ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

బావ


మార్చి 22

బావగారికి,

మీ ఉత్తరం చూసి బాధ కలిగింది. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టండి. దానికి అక్క కన్ను అడ్డం పెట్టొద్దు.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట, సరిగ్గా సంతకం అడిగినప్పుడు ఎలా గుర్తొచ్చింది? ఆ మూడు నిమిషాలు ఎందుకో చెబుతాను వినండి. పశువు బెదిరిన మూడు నిమిషాల తర్వాత ఆ రసాయనం రక్తంలోకి దిగుతుంది. ఈలోగా తీస్తే దాని మామూలు స్థితి తెలుస్తుంది. ఆలస్యంగా తీస్తే మన చెయ్యి తగిలిన భయమే కనిపిస్తుంది. అందుకే ఎవరూ ముందు లోపలికి వెళ్ళకూడదని నియమం పెట్టాను. ఆ నియమం మీ ఎదురుగానే చెప్పాను.

పోనీ, మీరు చెప్పింది నిజమే అనుకుందాం. అయినా నష్టం లేదు. అన్ని కోడెల దగ్గరా ఒకేలా నిలబడి ఉంటారు కదా, మందు తాగినవాటి దగ్గరా, నీళ్ళు తాగినవాటి దగ్గరా. రెండు వైపులా సమానం అయితే తేడా మందుదే. ఏది మందో ఏది నీళ్ళో నాకే తెలియదు, లెక్కల పుస్తకం విప్పేదాకా ఎవరికీ తెలియదు. కాబట్టి కాగితం మార్చక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు సంతకం చేయండి.

అక్క పరీక్షలు వచ్చాయి. మిగతా రోజులు ఫరవాలేదు. బుధవారం రెండింతలు ఉంది. దయచేసి ఆపరేషన్ ప్రస్తావన ఆవిడ దగ్గర తేవద్దు. ఏప్రిల్ 18 పొద్దున తారీఖు ఇచ్చారు.

మీ సంతకం కోసం చూస్తూ,
బావమరిది


మార్చి 29

బావమరిదికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివి చింపేద్దామనుకున్నాను. కన్ను అడ్డం పెట్టానన్నావు. ఆవిడ చేతికి గ్లాసు అందిస్తున్నది నేను, నువ్వు కాదు.

నాలుగోసారి చదివాక కోపం పోయింది. వేరేది వచ్చింది. అదేమిటో చెప్పడానికి నాకు మాటలు రావు గానీ జరిగింది చెబుతాను, జాగ్రత్తగా చదువు.

సమానం అన్నావు. సమానం కాదు.

ఏది మందో నీకు తెలియదు, గుమస్తాకి తెలియదు. నాకు తెలుసు. మందు తాగినదాని నోట్లోంచి తడి ఇనుము వాసన వచ్చేది. నీళ్ళు తాగినవాటికి గడ్డి వాసనే. దాని మొహానికి మొహం ఆనించి నిలబడేవాడికి తెలియదా? నువ్వు మెడ దగ్గర సూది చూస్తావు గానీ దాని ఊపిరి చూడవు. మొదటి వారంలో అలాంటిది ఒకటి దగ్గి దగ్గి నురగ కక్కింది. అప్పుడు అనుకున్నాను, ఈ చేదు తాగినవాటికే పాపం కష్టం, ఆ మీద సూది కూడానా అని. అందుకని వాటి గదుల్లోకి మాత్రమే వెళ్ళేవాణ్ణి. వాసన లేనివాటికి ఏం కాదులే అని వదిలేసేవాణ్ణి. నలభై ఎనిమిదిలో ఇరవై నాలుగింటి దగ్గర, ఒక్కోదాని దగ్గర పావుగంట. చెయ్యి ఆనిస్తే ముందు మెడ బిగుస్తుంది, తర్వాత నెమ్మదిగా తల బరువు మన భుజం మీద వేస్తుంది. అది వేసేదాకా కదిలేవాణ్ణి కాదు. నియమం తెలుసు. తెలిసే వెళ్ళాను. చెబితే తిడతావని చెప్పలేదు. పైగా నా పనితనం చూసుకుని నాకే గర్వంగా ఉండేది. ఇది వీడికి తెలియదులే అనుకునేవాణ్ణి.

ఇప్పుడు బొల్లి సంగతి. కోడెల పని అయ్యాక ఆరు నెలలకి కదా బొల్లి గిట్టలో చీము పట్టింది. నువ్వు మందు పట్టించి కోయడానికి వెళ్ళావు. నేను ఆసుపత్రిలో ఉన్నాను. నా బదులు వచ్చినవాడు తర్వాత గేటు దగ్గర నాకు చెప్పాడు, "మందు పడింది, తాడు వదులు చెయ్, ఏం చెయ్యదు" అన్నావట. అది లేచి సిమెంటు గచ్చు మీద జారి కాలు విరిగింది. నేను ఉంటే అలా జరిగేది కాదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ మాట నిజమే. కానీ ఎందుకు నిజమో ఇప్పుడు తెలిసింది. మందు వల్ల కోడెలు నిమ్మళించలేదు. నువ్వు మందుని నమ్మావు. నమ్మేట్టు చేసింది నేను.

బొల్లిని నువ్వు చంపావని మీ అక్క దగ్గర ఎన్నిసార్లో అన్నాను. అందులో నా పాలు ఉంది. చెప్పకుండా రాలేదు అన్నది మాత్రం అబద్ధమే. అది వేరు, ఇది వేరు.

ఇప్పుడు నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. నేను లెక్క వేస్తే నీ మందులో ఏమీ లేదు. నా లెక్క తప్పయితే తప్పని రాయి. మీ అక్క దాన్ని నమ్మి కత్తి కింద పడుకోబోతోంది. ఉన్నది ఒక్క కన్ను.

సంతకం పెట్టని కాగితం ఇందులో పెట్టాను.

బావ


ఏప్రిల్ 5

బావా,

నీ ఉత్తరం మూడు రోజులు సొరుగులో పెట్టాను. తీసి చదివాను, మళ్ళీ పెట్టాను.

పాత లెక్కల పుస్తకం తెప్పించుకున్నాను. అంకెలు ఉన్నాయి, వాసనలు లేవు. నలభై ఎనిమిదిలో ఒక్క కోడె కూడా ఇప్పుడు లేదు, మళ్ళీ పరీక్షించడానికి. నీకు డెబ్బై మూడేళ్ళు. పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఒకటి రెండుసార్లు జరిగింది ఇరవై నాలుగుసార్లు జరిగినట్టు గుర్తుండొచ్చు. అలా కాదని నువ్వు రుజువు చేయలేవు, అలా అని నేనూ చేయలేను.

మందులో ఏమీ లేదనడం తొందరపాటు. ఇప్పటిదాకా ఏడుగురు మనుషులకి ఇచ్చాం. ఏడుగురూ కదలకుండా పడుకున్నారు. వాళ్ళ పక్కన ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, చాలా నెమ్మదస్తురాలు, కంటి డాక్టరుకి కూడా ఆవిడంటే నమ్మకం. 18న ఆవిడ సెలవు. ఆ రోజు కొత్తావిడ వస్తుంది. దాని వల్ల ఇబ్బంది లేదు.

వచ్చే నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై ఏళ్ళలో నా పేరు మీద మిగిలింది ఆ ఒక్క మందే. ఇది చెప్పి నిన్ను ఏదో చేయమనడం లేదు. నీకు తెలియాలని రాశాను.

రిపోర్టు సంగతి అడిగావు. ఎవరిదో ఒకరి తప్పు ఉన్నట్టు రాయమన్నారు. నాకు పిల్లలు చిన్నవాళ్ళు. నువ్వు అక్క మొగుడివి, ఎప్పుడో సర్దుకుంటావు అనుకున్నాను. ఇంతకంటే రాయలేను.

అక్కకి ఈ గొడవేమీ చెప్పొద్దు. భయపడితే అదే ప్రమాదం. 17 సాయంత్రానికి తీసుకురా.

నీ బావమరిది


ఏప్రిల్ 8

బావమరిదికి,

బావా అన్నావు. చూశాను.

మీ అక్కకి చెప్పేశాను. నువ్వు వద్దన్న ఉత్తరం అందిన పూటే చెప్పాను. నీ ఉత్తరాల్లో నేను వదిలేసిన ముక్కలన్నీ చదివాను, వాసన సంగతి చెప్పాను, బొల్లి సంగతి చెప్పాను. అంతా విని కొంగుతో కన్ను తుడుచుకుని అంది, "వాడి మీద నీకున్న మంట ఇన్నేళ్ళకి ఈ దారి పట్టిందా?" అని. ఉత్తరం చేతికిచ్చాను, పట్టి చూసుకోమన్నాను. కాగితం కంటికి ఆనించుకుని చూసింది, తెల్లగా ఉంది అంది. లేనివి కల్పించి చదువుతున్నానని తన అనుమానం. ముందు ముక్కలు వదిలేసి చదివినవాడు ఇప్పుడు ముక్కలు కలిపి చదవడని ఏమిటి నమ్మకం అంది.

కాంపౌండరుని పిలిచి చదివించాను. వాడు నాలుగు లైన్లు చదివి, పెద్దవాళ్ళ మధ్య నాకెందుకు అని చెప్పులు వేసుకున్నాడు.

సంచి సర్దుకుంది. రెండు చీరలు, దువ్వెన, నీ పిల్లలకని బిస్కెట్లు. నీ పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారని చెప్పినా వినదు. నేను తీసుకురాకపోతే కాంపౌండరు భార్యతో వస్తానంటోంది. తన నోటి నుంచి ఒక మాట వచ్చిందంటే తిరగదని నీకు చెప్పాలా, ఒకే కడుపున పుట్టారు. కాబట్టి నేను ఆపితే ఆగేది కాదు. నువ్వు ఆపితే ఆగుతుంది.

నీ ఉత్తరంలో ఒక సంగతి నువ్వు రాసి నువ్వే చూడలేదు. ఏడుగురు కదలకుండా పడుకున్నారన్నావు. పక్కన నర్సమ్మ చెయ్యి పట్టుకుంది అన్నావు. నువ్వు మళ్ళీ మందుకే లెక్క రాశావు. 18న ఆవిడ ఉండదట, ఇబ్బంది లేదట. నువ్వు డాక్టరువి, నేను తాడు పట్టేవాణ్ణి. నాకు కనబడింది నీకు ఎలా కనబడలేదు?

నేను పట్టుకుంటాను లోపలికి రానివ్వమని అడుగుదామనుకున్నాను. నిన్న మీ అక్క తల వెనక చెయ్యి పెట్టి చూశాను. నా చెయ్యి వణుకుతోంది. రెండేళ్ళుగా వణుకుతోంది, ఎవరికీ చెప్పలేదు. కాబట్టి అది అడగను. ఆ నర్సమ్మ తిరిగి వచ్చేదాకా తారీఖు మార్పించు. నీ మందు ఇస్తావో మానతావో, అది పనిచేస్తుందో లేదో నీకు తెలియదని కంటి డాక్టరుకి చెప్పు. అంతే. నీ పేరు చెరిపేసుకోమనడం లేదు. నియమం తప్పింది నేనని రాయి, కింద సంతకం పెడతాను. ఆ కాగితానికైతే వణికినా పెడతాను.

తారీఖు మారితే తనకి ఎన్నాళ్ళు మసకగా ఉంటుందో నాకు తెలుసు. గొడుగుతో ఊడుస్తుంది, ఊడవనీ.

మీ అక్కకి విడిగా ఉత్తరం రాయి. పెద్దగా వద్దు. "అక్కా, 18న రావొద్దు, బావ చెప్పింది నిజం" అని. నేను చదవను. కాంపౌండరు భార్య చదువుతుంది, ఆవిడ మాట నమ్ముతుంది. నీ గొంతులా వినబడేట్టు రాయి.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం టపా దాకా చూస్తాను. రాకపోతే పదిహేనున బస్సెక్కి కంటాసుపత్రికి వస్తాను. నీ గదికి రాను, తిన్నగా కంటి డాక్టరు గది ముందు నిలబడతాను. నన్ను పిచ్చివాడంటే అననీ. ఆయన నా మాట నమ్మకపోతే మాత్రం నాకు ఇంకో దారి లేదు, అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇన్నాళ్ళలో నిన్ను ఏదైనా అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను.

మందు పనిచేస్తుందని నువ్వు నిజంగా నమ్మితే అదైనా రాయి, నీ చేత్తో, కింద సంతకంతో. పద్నాలుగో తారీఖుకి అందాలి.

బావ